పన్నెండు అడుగులు

నవంబరు 3, ఆదివారం

నీ వంటింటి గోడ నుంచి భూమి అంచు దాకా ఎన్ని అడుగులో నీకు తెలుసా? తెలియదా? మరి నీకు నిద్ర ఎలా పడుతోంది?

ఇవాళ ప్రసంగం ఇలాగే మొదలుపెట్టాను. మా ట్రెయిలరు ఇళ్ల పార్కులో, అందరూ బట్టలు ఉతుక్కునే లాండ్రీ రూములో పద్నాలుగు మంది కూర్చున్నారు. వెనక బట్టలారబెట్టే డ్రైయర్లు రెండు తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కరూ కదల్లేదు. నేను బైబిలు కాలేజీ మెట్లు ఎక్కినవాణ్ణి కాదు, ముప్పై ఏళ్లు ఇళ్ల కప్పులు ఎక్కినవాణ్ణి. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట వాళ్ల గుండెలకు తగిలింది. సముద్రానికి తలుపులు పెట్టి గడియ వేసినవాడు నా దేవుడు అన్నాను. ఆమేన్ అన్నారు.

తర్వాత అందరం బయటికి నడిచాం. డియోలిండా అవిలా ట్రెయిలరుకీ ఆర్లో ట్రెయిలరుకీ వెనక, సముద్రం వైపు ఖాళీలో ఒక గుంజ పాతాను. తెల్లరంగు పలక మీద ఎర్రటి అక్షరాలతో రాశాను: ఇంతవరకే. బైబిల్లో సముద్రానికి దేవుడు చెప్పిన మాట అది. ఆర్లో తన బూట్లతో గుంజ నుంచి, సముద్రం తొలిచేస్తున్న కొండ అంచు దాకా మడమకు వేలు ఆనించి నడిచాడు. ఆయన బూటు సరిగ్గా ఒక అడుగు. అందరం పైకి లెక్కపెట్టాం. పన్నెండు. పన్నెండు ఇశ్రాయేలు గోత్రాలు, పన్నెండు మంది క్రీస్తు శిష్యులు, పన్నెండు అడుగులు. ఇకమీదట ప్రతి ఆదివారం ఇలాగే లెక్కపెడదామన్నాను.

ఆర్లో పీతల పడవ మీద బతికే మనిషి, నోరు ఊరుకోదు. ఇంకో ఏడాదికి నా ట్రెయిలరుకి ఈతకొలను వచ్చేస్తుంది బ్రదరూ, అప్పుడు అద్దె పెంచొద్దని మేనేజరుకి నువ్వే ఓ మాట చెప్పాలి అన్నాడు. నేను నవ్వలేదు. అంచు వైపు చూశాను.

నవంబరు 6, బుధవారం

మా ఆవిడ లొరీన్ ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. మధ్యలో గీత. ఒకవైపు ఉండటానికి, ఇంకోవైపు పోవటానికి. ఐడహోలో ఉన్న వాళ్లక్క వారానికి రెండుసార్లు ఫోను చేసి, ట్రెయిలరు నిలిపినందుకు మీరు కట్టే స్థలం అద్దెకి ఇక్కడ ఇల్లే వస్తుందే పిచ్చిదానా అంటోంది.

ఉండటానికి: పొగమంచు. ఏసీ అవసరమే లేదు. ఆర్లో ఇచ్చే పీతలు. మనుషులు. కిటికీలోంచి కోటీశ్వరులు చూసే సముద్రమే మనమూ చూడటం.

పోవటానికి: స్థలం అద్దె. పెట్రోలు. గుడ్ల ధర. ఇన్సూరెన్సు వాడు ఫోను ఎత్తడు. అంచు.

చివరి మాట మిగతావాటికంటే చిన్నగా రాసింది.

పోదామంటే ఎలా పోతాం? మా ట్రెయిలరు 1974 నాటిది. కదిలిస్తే విరుగుతుంది. ఏ పార్కువాడూ అంత పాతది లోపలికి రానివ్వడు. ఈ కాలిఫోర్నియా తీరంలో మాలాంటివాళ్లకు మిగిలిన చోటు ఇదొక్కటే. అది ఎందుకు మిగిలిందో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేనూ అనలేదు. ఇది దేవుడిచ్చిన చోటు అన్నాను. లొరీన్ కాగితం వైపు తిరిగి, ఆ ముక్క ఏ వైపు రాయమంటావయ్యా అంది.

నవంబరు 8, శుక్రవారం

రాత్రంతా వాన. అంచులో ఒక అడుగు పోయింది.

నవంబరు 9, శనివారం, మధ్యాహ్నం 3 గంటలు

పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే నా చేతిలో పార నాకే కనపడలేదు. గుంజ పీకాను. ఒక అడుగు లోపలికి పాతాను. పాత గుంటలో మట్టి పోసి కాలితో తొక్కాను.

ఎందుకు చేశాను? రేపు ఆర్లో పదకొండు అంటే ఆ పద్నాలుగు మొహాలు ఎలా మారతాయో నాకు ముందే కనపడింది. గాలికి గుంజ వదులైంది, గట్టిగా పాతానంతే అని చెప్పుకున్నాను.  

నవంబరు 10, ఆదివారం

పన్నెండు.

డియోలిండా ఏడ్చింది. ఎనభై మూడేళ్ల మనిషి, ఒక కంటికి చూపు సగమే. నా చెయ్యి పట్టుకుని, వాన పడ్డప్పుడల్లా మంచం కోడు పట్టుకుని కూర్చునేదాన్ని నాయనా, మొన్న వానలో హాయిగా పడుకున్నాను అంది. ఆమె మొగుడు ఇక్కడే చేపలు పట్టాడు, ఇక్కడే పోయాడు. నా జేబులో ఒక తీపి రొట్టె పెట్టింది. ఇంటికొచ్చి తినలేకపోయాను.

నవంబరు 16, శనివారం

మూడు అడుగులు పోయాయి. మళ్లీ జరిపాను. ఈసారి పొగమంచు కూడా లేదు. అందరూ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉన్నారు. ఎవరైనా చూస్తే బాగుండునని ఒక మనసు, చూడకూడదని ఇంకో మనసు.

పర్వతాలు నడిసముద్రంలో పడినా భయపడం అని ఎన్నేళ్లుగా పాడుతున్నాను! పర్వతం అక్కర్లేదు. గంపెడు మట్టి జారితే పార పట్టుకుని పరుగెత్తుతున్నాను.

నవంబరు 20, బుధవారం

ఇది రాయకుండా ఉండలేను.

మోడెస్టోలో డియోలిండా మేనకోడలు ఉంది. అక్కడ ముసలివాళ్ల అపార్టుమెంట్లలో ఒక గది కోసం నాలుగేళ్ల కింద పేరు రాయించింది. ఇప్పుడు వంతు వచ్చిందట. డియోలిండా వద్దని చెప్పేసింది. ఆ మాట నాకు చెప్పటానికి కర్ర పొడుచుకుంటూ మా గుమ్మం దాకా వచ్చింది. ఆ ఎండల్లోకి పోయి ఏసీ గాలి పీలుస్తూ చావటానికి నాకేం ఖర్మయ్యా, దేవుడు ఇక్కడ గుంజ పాతి కాపలా కాస్తుంటే అంది. మా మేనకోడలు నాకు మతి పోయిందంటోంది, నువ్వే దాంతో మాట్లాడి నీ పన్నెండు అడుగుల సంగతి చెప్పు అంది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. స్తోత్రం అన్నాను.

నవంబరు 24, ఆదివారం

వారమంతా ఎండ. ఏదీ జారలేదు. పన్నెండు. ఇవాళ నిజంగానే పన్నెండు కాబట్టి ఆమేన్ గట్టిగా అన్నాను. దొంగకీ ఒక మంచిరోజు ఉంటుందేమో.

నవంబరు 30, శనివారం

నిన్న వానలో ఒక్క దెబ్బకి ఆరు అడుగులు కూలాయి. లాండ్రీ రూములో ఉన్నవాళ్లు డ్రైయరు మోత అనుకున్నారు. నేను మా వంటింట్లో ఉన్నాను. కప్పులో కాఫీ మీద వలయాలు లేచాయి. నాకు తెలిసిపోయింది.

జరిపాను. వెనక్కి తిరిగేసరికి లొరీన్ బట్టల తీగ దగ్గర నిలబడి ఉంది. 

సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండా అడిగింది. ఏమయ్యా, గుంజ నడుస్తోందా, లేక ఇళ్లే దాని దగ్గరికి నడుస్తున్నాయా? మొన్నటిదాకా అది బట్టల తీగకి అవతల ఉండేది, ఇవాళ ఇవతలికి వచ్చింది అంది.

అప్పుడు నాకు తట్టింది. ఒక్కరూ ఇంటివైపు కొలవలేదు. అందరం సముద్రం వైపే కొలిచాం. నేను అలా నేర్పాను.

డిసెంబరు 1, ఆదివారం

పన్నెండు. పీతల వేట నుంచి వచ్చిన ఆర్లో లెక్కపెట్టి, నేల వెనక్కి పెరుగుతోందేంటి బ్రదరూ, మా పడవకి కూడా నీ చేత ఒక గుంజ పాతించుకుంటాను అన్నాడు. అందరూ నవ్వారు. లొరీన్ లెక్కకి బయటికి రాలేదు.

ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరవబోయాను. పోవటానికి అన్న వైపు కింద కొత్త లైను.

మా ఆయన అబద్ధాలకు అలవాటు పడుతున్నాడు.

డిసెంబరు 7, శనివారం

ఇంకో ఏడు అడుగులు పోయాయి. జరిపాను. గుంజ ఇప్పుడు డియోలిండా వంటింటి గోడకి పదకొండు అడుగుల్లో ఉంది. జరిపినవన్నీ కలిపితే మొదట ఇరవై ఎనిమిది. ఇంటివైపు మొదటిసారి కొలిచాను.

గుంజకీ గోడకీ మధ్య గడ్డిలో ఒక గీత కనపడింది. వంగి చూశాను. గీత కాదు. పగులు. నా చిటికెనవేలు మొదలుదాకా దిగింది. లోపల్నుంచి చల్లగాలి వచ్చింది. గుంజ పగులుకి సముద్రం వైపున ఉంది.

డిసెంబరు 8, ఆదివారం

పొరుగువాడి సరిహద్దు జరిపేవాడు శాపగ్రస్తుడు. మోషే చెప్పించిన శాపాల్లో అదొకటి. వేరే వాక్యం కోసం పేజీలు తిప్పుతుంటే కళ్లకు అదే తగిలింది. ప్రజలందరూ ఆమేన్ అనాలని కూడా రాసి ఉంది. నేను చదవలేదు. చదివితే వీళ్లంతా నా మీద ఆమేన్ అనేవాళ్లు, నా గురించి అని తెలియకుండా.

ఇవాళ బయట లెక్క వద్దు, గాలి ఎక్కువగా ఉంది అన్నాను. డియోలిండా నిరాశపడింది.

డిసెంబరు 11, బుధవారం

రేడియోలో చెప్పారు. శనివారం ఏడాదిలోకెల్లా పెద్ద సముద్రపు పోటు, దాంతోపాటే తుఫాను.

మేనకోడలు నాకే ఫోను చేసింది. ఆ గది తీసుకున్నవాళ్లు మానుకున్నారట. శుక్రవారం మధ్యాహ్నం లోపు డియోలిండా వెళ్లి సంతకం పెడితే ఆమెకే. తర్వాత ఇంకో నాలుగేళ్లు. నా మాట ఎలాగూ వినదు, మీ మాట వేదం ఆమెకి, మీరు పుణ్యం కట్టుకోండి సార్ అని ఏడ్చింది.

వెళ్లాను. డియోలిండా వంటింట్లో కూర్చుని చెప్పేశాను. గుంజ నేను జరిపాను, నాలుగుసార్లు. అంతా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆమె నమ్మలేదు! రొట్టె కోస్తూనే ఉంది. తుఫాను అనేసరికి నీకు భయం పట్టుకుంది నాయనా, ఆ ఐడహో అక్క నీ పెళ్లాం చెవిలో ఊదింది, నీ పెళ్లాం నీ చెవిలో ఊదింది అంది. పడవ మునుగుతోందని శిష్యులు అరిస్తే ప్రభువు ఏమన్నాడు, అల్పవిశ్వాసులారా అనలేదా, పోయిన నెల నువ్వు చెప్పిందే కదయ్యా అంది. నా ప్రసంగం నాకే అప్పజెప్పింది, పొల్లు పోకుండా, నా చెయ్యి ఊపటంతో సహా. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదు, పో, వెళ్లి పడుకో అంది.

నేను నిజం చెప్పిన ఒక్క రోజు ఆమెకి నేను అబద్ధికుణ్ణి.

డిసెంబరు 12, గురువారం, రాత్రి 11 గంటలు

పొద్దున మళ్లీ వెళ్లాను. మాటలు పనికిరావని తెలిసి మాటలు తీసుకెళ్లలేదు. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. సణుగుతూనే వచ్చింది. చెప్పులు వేసుకోనివ్వవేంటయ్యా అంది.

ముందు పగులు. ఆమె చేతికర్ర కొసని అందులో పెట్టించాను. జానెడు దిగింది. ఎలుక తవ్వి ఉంటుంది అంది.

పగులు దాటించి గుంజ పక్కన గట్టినేల మీద కర్ర పొడిపించాను. దిగలేదు. అక్కణ్ణుంచి సముద్రం వైపు ఏడు అడుగులు నడిపించాను. ఆమె నడుం చుట్టూ నా చెయ్యి. అంచు ఇంకా అయిదు అడుగుల్లో ఉంది. ఇక్కడ పొడువు అన్నాను. కర్ర వెన్నలోకి దిగినట్టు మూరెడు దిగిపోయింది.

ఆమె కర్ర తీసి మళ్లీ పొడిచింది. మళ్లీ దిగింది. సగం చూపు కన్ను నా వైపు తిప్పింది.

ఇది గుంజ పాత గుంట, నేనే పూడ్చాను అన్నాను.

అంతకు ముందుది ఎక్కడుంది అంది.

చెయ్యి చాపి చూపించాను. అంచు దాటి, పక్షులు ఎగిరేచోట.

అంతకు ముందుది?

అదీ అక్కడే. మొదటిది ఇంకాస్త దూరం. మూడు గుంటలు గాలిలో ఉన్నాయమ్మా అన్నాను.

 నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. దేవుణ్ణి ఎందుకు ఇరికించావయ్యా ఇందులో అంది, అంతే. తర్వాత, నా కోడిపుంజు బొమ్మ పాత పేపర్లో చుట్టాలి, పగిలిపోతుంది అని లోపలికి నడిచింది.

సాయంత్రం లొరీన్‌కి చెప్పాను. ఫ్రిజ్ మీది కాగితంలో ఆ లైను కొట్టేస్తుందేమో అనుకున్నాను. కొట్టలేదు. వాళ్లక్కకి ఫోను కలిపింది.

డిసెంబరు 13, శుక్రవారం, ఉదయం 6.40

ఈ పేజీ చింపి డ్రైయరు తలుపుకి అంటిస్తున్నాను. ఇక ఇది నా డైరీ కాదు, మీ ఉత్తరం.

గుంజ జరిపింది నేను, వెండెల్. నాలుగుసార్లు. పన్నెండు అన్నది నేను చేసిన లెక్క, దేవుడిది కాదు. నమ్మకపోతే ఇంటివైపు కొలవండి. నన్ను తర్వాత తిట్టండి, ఎక్కడ పిలిచినా వచ్చి నిలబడతాను. డియోలిండా నా ట్రక్కులో కూర్చుంది, ఒళ్లో కోడిపుంజు బొమ్మ. ఆర్లోకి రాత్రే చెప్పాను, ఆయన వ్యాను కూడా స్టార్టు చేసి ఉంది. తుఫాను దాకా ఆగకండి. ఆదివారం దాకా ఆగకండి. బట్టలు ఆరేదాకా కూడా ఆగకండి. తడివే తీసుకోండి. ఈరోజే. ఇప్పుడే. రండి.