అరవకుండా హాలోవీన్

అక్టోబర్ 4, శనివారం
నిర్ణయం జరిగిపోయింది! ఈ ఏడాది మా వీధి పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ హాలోవీన్ పార్టీ, మా గరాజ్‌లోనే. తేదీ 31. ముప్పయ్యో తేదీన కుదరదు. ఆ సాయంత్రం బెగ్గర్స్ నైట్ కదా, మా డెమోయిన్ ఊళ్లో పిల్లలంతా ఇల్లిల్లూ తిరిగి జోకు చెప్పి చాక్లెట్లు పుచ్చుకుంటారు.

షరతులు నాకు నేనే పెట్టుకున్నాను. అన్నీ నా చేత్తోనే చేయాలి. బజారు సరుకు ఒక్కటీ వద్దు. ముఖ్యంగా, ఎవరి మీదా అరవకూడదు!

ఇదంతా మా అమ్మాయి టిల్డా కోసమే. ఏడేళ్లది. ఇంట్లో వాగుడుకాయ, గుమ్మం దాటితే నోరు పెగలదు. నిరుడు ఎదురింటి డార్లీన్ గారి గుమ్మంలో నిలబడి, జోకు నోట రాక, ఏడ్చుకుంటూ ఖాళీ సంచీతో తిరిగొచ్చింది. ఆవిడది ఒకటే మాట: "జోకు లేనిదే చాక్లెట్ లేదు." మన గరాజ్‌లో అయితే చెబుతుందని నా ఆశ.

అక్టోబర్ 11
పిలుపు కార్డులు గీశాను. గబ్బిలాలు! నాలుగు పూర్తయ్యాయి. నాలుగూ మీసాలున్న వంకాయల్లా వచ్చాయి. మిగతా వాళ్లకు ఫోన్లో మెసేజ్ పెట్టేశాను. అదీ నా చేత్తో కొట్టిందేగా!

అక్టోబర్ 19
టిల్డాకు గుడ్లగూబ వేషం కుడుతున్నాను. ఒక రెక్క అయింది. రెండోది తిరగేసి కుట్టాను. మా ఆయన కర్ట్ చూసి, "కోడిపిల్ల బాగుంది" అన్నాడు.
అరవలేదు. గట్టిగా చెప్పానంతే. పక్కవీధి కుక్క మొరిగింది.

అక్టోబర్ 26
వేషం కొనేశాను. కుట్టుమిషన్‌కు ఒంట్లో బాగాలేదు.
ఆపిల్ పళ్లకు పాకం పూద్దామనుకున్నాను. పాకం గిన్నెకు అంటుకుంది, గరిటె పాకానికి అంటుకుంది. తినేవాటికి నా షరతు వర్తించదని అప్పుడే గుర్తొచ్చింది. అవీ కొన్నాను.
టిల్డా మాత్రం, "నా జోకు రెడీ అమ్మా. నీకు చెప్పను" అంది.

అక్టోబర్ 30
పొద్దున్నుంచీ ఉరుములు, గాలివాన. బెగ్గర్స్ నైట్ రేపటికి వాయిదా అట. రేపు! సరిగ్గా నా పార్టీ వేళకే!
వరసగా మెసేజ్‌లు. "ఏమీ అనుకోకు లోర్నా, మా వాళ్లు ఇళ్లు తిరగడానికే వెళతారట."
అరిచాను. కర్ట్ మీద, గుమ్మంలో చెక్కి పెట్టిన గుమ్మడికాయ మీద, ఆకాశం మీద.

అక్టోబర్ 31
సాయంత్రం ఆరు. గరాజ్‌లో ఆపిల్ రసం కాగుతోంది. ఒక్కరూ రాలేదు. గుడ్లగూబ వేషంలో టిల్డా స్టూలు మీద ఒంటరిగా కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు డార్లీన్ గారు మడతకుర్చీ మోసుకుంటూ వచ్చారు.
"ఏంటమ్మాయ్ అలా చూస్తావ్? పిలిచావుగా, వచ్చాను. మా ఇంటికి తాళం వేసి, పిల్లలంతా ఇక్కడికే రావాలని రాసి తలుపు మీద అట్ట తగిలించాను."
కూర్చుని టిల్డా వైపు తిరిగారు. "ఊఁ, గుడ్లగూబా! జోకు లేనిదే చాక్లెట్ లేదు."
టిల్డా పెదాలు కదిలి ఆగిపోయాయి.
"మా... మా ఇంట్లో దయ్యాలు ఎందుకు లేవో చెప్పుకోండి?"
"ఎందుకు లేవే?"
"మా అమ్మ అరుపులకి జడిసి పారిపోయాయి!"

డార్లీన్ గారు కుర్చీతో సహా ఊగిపోతూ నవ్వారు. కర్ట్ గోడవైపు తిరిగి నవ్వాడు. అట్ట చూసి పిల్లలొచ్చారు, వాళ్ల వెనకే అమ్మానాన్నలు. వచ్చినవాళ్లందరికీ టిల్డా అదే జోకు చెప్పింది. గరాజ్ నిండిపోయింది. వీధి మొత్తం ముందు నా పరువు పోయింది. నేను ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

నవంబర్ 1
గరాజ్ కడిగాను. కొత్త నిర్ణయం! వచ్చే ఏడాదీ పార్టీ మా ఇంట్లోనే. అన్నీ నా చేత్తోనే. కార్డులు ఆగస్టులోనే మొదలు. అసలు అరవను.
"అరవకపోతే ఎలా అమ్మా? వచ్చే ఏడాదికి నాకు జోకు కావాలిగా!" అంది టిల్డా.
నిజమే. ఇప్పుడే కడిగిన గరాజ్‌లోకి కర్ట్ బురద బూట్లతో వచ్చాడు. సాధన మొదలుపెట్టాను.