వోల్టాలో అయిదో దెబ్బ

టూవూంబా,
సోమవారం

చిరంజీవి చైత్రకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. నీ కాలి కట్టు విప్పారని తెలిసి మీ అమ్మ పరమాన్నం వండింది. నువ్వు తెలుగు చదవలేవు, సత్య అత్తయ్యే చదివి వినిపించాలి. అయినా తెలుగులోనే రాస్తున్నాను. ఈ మాట ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతకాదు.

శుక్రవారం డేనియల్ మీద యూనివర్సిటీకి ఫిర్యాదు పంపుతున్నావట. అంతకుముందే ఇది పెర్త్‌లో అత్తయ్య ఇంట్లో ఉన్న నీకు చేరాలని ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను.

అమ్మ బీపీ గురించి అడిగావు, అదుపులోనే ఉంది. కరివేపాకు మొక్క మంచుకు మాడింది గానీ చావలేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "ఇదిగో అమ్మ" అని ఎందుకు తప్పించుకుంటున్నానని కూడా అడిగావు. అక్కడికే వస్తున్నాను.

మీ యూనివర్సిటీలో వేసే పాతకాలపు రాజసభల నాట్యాలకు డోలు వాయించమని మీ టీచరు హెలెన్ మేడమ్ పిలిస్తే ఎంత పొంగిపోయానో నీకు తెలుసు. నలభై ఏళ్లు మృదంగం వాయించిన చేతికి నాలుగొందల ఏళ్ల నాటి యూరప్ డోలు ఒక లెక్కా అనుకున్నాను. పవాన్ నింపాదిగా నడిచే నాట్యం, దాంతో పేచీ లేదు. వోల్టా దగ్గరే ఆవిడ రోజూ హెచ్చరించేది: "నథింగ్ ఆన్ ఫైవ్, శ్రీపతీ. షీ ఈజ్ ఇన్ ది ఎయిర్." ఆరు దెబ్బల్లో అయిదోది ఖాళీ. అప్పుడు డేనియల్ నిన్ను ఎత్తి తిప్పుతుంటాడు. ఆరో దెబ్బకి నీ పాదాలు నేలకి ఆనాలి.

ప్రదర్శన రోజు ముందు వరసలో శేషగిరి అంకుల్ వీడియో తీస్తున్నాడు. "ఏవయ్యా, ఉత్త టకటకేనా? మనవాళ్లంతా వచ్చారు, నీ చెయ్యి చూపించవా?" అన్నాడు బ్రేకులో. నాకు పౌరుషం వచ్చింది.

సత్యా, ఇక్కడ ఆపకు. చదువు.

వోల్టా చివర్లో ముక్తాయింపు వేశాను తల్లీ, మన కచేరీల్లో ముగింపుకి వేసినట్టు. ఒక దెబ్బ ఖాళీగా ఉండాల్సిన అయిదో చోట పడింది. డేనియల్ అదే ఆరోది అనుకుని నిన్ను దించేశాడు. నీ మడమ విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

అందరూ నేల జారిందన్నారు. నువ్వు డేనియల్ వదిలేశాడన్నావు. నేను తలూపాను. అతను పూలు తీసుకుని ఇంటికొచ్చి "సారీ అంకుల్" అని ఏడిస్తే, పెద్దమనిషిలా భుజం తట్టి పంపాను. శేషగిరి ఫోన్‌లో ఆ వీడియో తీసేయించాను కూడా. ఒక కాపీ మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను. ఆరు వారాలుగా రోజూ వింటున్నాను. నామీద నాకే అసహ్యంగా ఉంది.

దాన్ని అత్తయ్య ఫోన్‌కి పంపాను. కళ్లు మూసుకుని విను. నువ్వు గాల్లో ఉండగా పడిన దెబ్బ నాది. ఫిర్యాదు పంపాలనుకుంటే పంపు, డేనియల్ పేరు కొట్టేసి నా పేరు రాయి.

ఇది పోస్టు డబ్బాలో వేసి అటునుంచి అటే డేనియల్ వాళ్లింటికి వెళ్తున్నాను. ఈసారి నువ్వు ఫోన్ చేస్తే అమ్మకి ఇవ్వను.

ఇట్లు,
నీ కాలు విరగ్గొట్టిన
నాన్న