చిన్నాయన పెట్టిన అన్నదానం

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. హిందూపురం ఆసుపత్రి బయట నీ పేరు మీద అన్నదానం పెట్టారు. నీ తర్వాత భజన బృందానికి పెద్దయిన చిన్నాయన, ధర్మవరం నుంచి ఫోటోలు తీసేవాడు వచ్చేదాకా, భజన ముగిసేదాకా ఎవరికీ వడ్డించొద్దన్నాడు.

లేపాక్షి నుంచి వచ్చిన అవ్వ ఒకామె విస్తరి పట్టుకుని నిలబడింది. "కూతురు నొప్పులు పడతాండాదప్పా. రోంత పెడితే తిని పోవల్ల" అంది.

"దేవుని పేరు తల్చుకోకుండా తింటావా? కూర్చో" అని చిన్నాయన కసిరాడు.

నేను గరిటె లాక్కుని ఆమెకు వడ్డించాను.

"మీ నాయన ఉంటే ఇట్లా చేస్తావా?" అన్నాడు చిన్నాయన.

"మా నాయన ఉంటే నిన్ను ఈడ నిలబడనిచ్చేవాడు కాదు."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. తమ్ముడని నువ్వు అన్నీ ఓర్చుకున్నావు. ఆ కోపం నీ మీద నాకింకా పోలేదు. వచ్చే గురువారం నుంచి పెనుకొండలో నేనే అన్నదానానికి వేరే పొయ్యి పెడుతున్నాను. అక్కడ చిన్నాయన పేరే కాదు, నీ పేరు కూడా ఉండదు.