గడియ పీకించాను

నా కొడుకు కలెక్టరుకి మీ అమ్మ దీవించి చెబుతుండగా, నేను కాజాలు కుట్టే షాపు టైలరు రాస్తున్నది.

నన్నందరూ కాజాల ముసలమ్మ అంటారు. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో నన్ను కన్నవాళ్ళకే తెలియాలి. ఇంట్లో ఉండేది నేనూ, కోచింగు కోసమని నువ్వు నా దగ్గర ఉంచిన నీ కూతురూ. తెలిసినవే మళ్ళీ ఎందుకంటే, రేపు నువ్వు ‘ముసల్దానికి మతి తప్పింది’ అనకుండా. సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కించుకుంటున్నాను.

ఇక్కడ మేమంతా క్షేమమని టైలరు తనంతట తనే రాసేశాడు. కొట్టెయ్యమన్నాను.

“ఉత్తరమన్నాక అలాగే మొదలెట్టాలి పిన్నీ.”

“క్షేమంగా ఉంటే నీ దగ్గర కూర్చుని రాయిస్తానట్రా? కొట్టెయ్!”

పైన కనిపించే సిరా మరక అదే.

నీ నడుం నొప్పి తగ్గలేదని రాశావు. ఇంటింటికీ తిరిగి నీళ్ళ బిల్లులు వసూలు చేసేవాడికి నడుం నొప్పి కాక ఇంకేం వస్తుంది? కోడల్ని కాపడం పెట్టమను. నువ్వు డాక్టరమ్మా అని పిలిచే నీ కూతురు పట్టా పుచ్చుకోగానే మొదటి సూది నీకే వెయ్యాలన్నావు. వింటుంటే నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

పిల్లని గది తలుపు వేసుకుని చదువుకోనివ్వమన్నావు. తలుపుంది. గడియ లేదు. పీకించాను.

పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉండేది. తల దువ్వుకోవడం మానేసింది. వీధిలో ఎవరైనా ‘డాక్టరమ్మా’ అని పిలిస్తే తనని కాదన్నట్టు పోయేది. ఒకరోజు పుస్తకంలోంచి తలెత్తి, “నానమ్మా, నేను లేకపోతే నాన్న ఎవర్ని డాక్టర్ని చేస్తాడు?” అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు చూసి, ఆ రాత్రి దాని మంచం పక్కనే కూర్చున్నాను.

తెల్లారగానే వడ్రంగిని లాక్కొచ్చాను. “గడియ పాడైందా పెద్దమ్మా?” అన్నాడు. “బాగానే ఉంది. అదే నా భయం,” అన్నాను. అతను గది గడియ పీకాడు. స్నానాల గదిదీ తీసేశాడు. ఇప్పుడు లోపల మనిషున్నట్టు తెలియాలని, నీళ్ళు పోసుకుంటూ నేను గొంతెత్తి పాడాల్సొస్తోంది. పక్కింటివాళ్ళు ఎంత బాధపడుతున్నారో!

ఊయల్లో ఉన్నప్పుడే నిన్ను కలెక్టరూ అని పిలిచాను. ఎందుకో తెలుసా? లోకాన్ని ఉద్ధరిస్తావని కాదురా. నాకు జీపులో ముందు సీట్లో కూర్చోవాలనుండేది! దేవుడికి సగం మాటే వినపడినట్టుంది, బిల్లు కలెక్టర్ని చేశాడు. అయితేనేం, నీ సైకిలు వెనక కూర్చుని ఊరంతా తిరిగాను.

మా పనిలో బొత్తం కొలత చూసుకుని కాజా కోస్తాం. నేను నీకు ముందే కోసేశాను. నువ్వు నీ కూతురికి కోశావు. ఇప్పుడు పిల్లని అందులోకి తోస్తున్నాం. పట్టని కాజాలోకి తోస్తే విరిగేది బొత్తమే నాయనా.

ఇక, పరీక్ష ఎలా రాసిందని అడిగావు. రాయలేదు. నేనే బస్సు దిగనివ్వలేదు.

టైలరు కలం ఆపేశాడు. “ఇదీ రాయాలా పిన్నీ? అన్నయ్య ఊరుకోడు.”

“రాయి. మీ అన్నయ్యని కన్నది నేను.”

పరీక్ష సెంటరు స్టాపు వచ్చింది. పిల్ల లేచి కమ్మీ పట్టుకుంది, వదల్లేకపోయింది. వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. వెనక జనం తోస్తున్నారు, కండక్టరు “దిగమ్మా, దిగు” అని అరుస్తున్నాడు. దాని చెయ్యి పట్టి వెనక్కి లాగాను. “కూర్చో చిట్టీ,” అన్నాను. డాక్టరమ్మ అని నోటికి రాలేదు, పాలు తాగేనాటి పిలుపే వచ్చింది. కూర్చుంది. చివరి స్టాపు చేరేసరికి నా భుజం తడిసిపోయింది. అక్కడ దిగాక, “నానమ్మా, ఆకలేస్తోంది,” అంది. ఆ మాట విని ఎన్నాళ్ళైందో! అరటిపళ్ళు కొనిస్తే కొట్టుముందే నిలబడి తినేసింది.

మరి ఏమవుదామనుకుంటున్నావే అని అడిగాను. “తెలీదు,” అంది. తెలీకపోతే తెలీకపోనీ. బతికుంటే అదే తెలుస్తుంది.

గండం గడిచిందనుకోకు. నిన్న మళ్ళీ పళ్ళెం సగంలో వదిలేసింది. దాని గది గుమ్మానికి అడ్డంగా పడుకుంటున్నాను గానీ, ముసలి ప్రాణం, కునుకు పట్టేస్తోంది. నా ఒక్కదాని వల్ల కాదు. తిట్టాలనుంటే నన్ను తిట్టు, కానీ ఇక్కడికొచ్చి తిట్టు. సెలవివ్వకపోతే నడుం నొప్పని చెప్పు, అబద్ధం కాదుగా. గుమ్మంలో నిలబడి చిట్టీ అని పిలువు. అది పలికి, నాలుగు ముద్దలు తిని, తల దువ్వుకున్న రోజున గడియ మళ్ళీ వేయిద్దాం.

ఇకమీదట నిన్ను కలెక్టరూ అనను. బయల్దేరు చిన్నోడా.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ (వేలిముద్ర)

సాక్షులు: రాసిన టైలరు, గడియ పీకిన వడ్రంగి.

నాన్నా, టైలరు బాబాయి చదివి వినిపించాడు. అంతా నిజమే. రా.
చిట్టి