పాలపెట్టెలో వచ్చిన కోపం

ప్రియమైన వదినకు,

ఫోను మొహాన పెట్టేశారు కాబట్టి ఈ ఉత్తరం వాడికోసం నేను పిండి పంపే పాలసీసాల ఐసుపెట్టెలో పంపుతున్నాను. ఎప్పటిలాగే బస్సు కండక్టరు అందిస్తాడు.

మీ దగ్గర వదిలిన బుడ్డోడికి జలుబని ఇంత ఆలస్యంగానా చెప్పేది? పిల్లల వార్డులో నర్సుని. ఊళ్ళోవాళ్ళ పిల్లల ముక్కులన్నీ తుడుస్తూ, నా కొడుకు సంగతి అందరికన్నా ఆఖర్న వింటున్నాను. మీ కుట్టుమిషను గదిలో ఆ పీచూ, వచ్చేపోయేవాళ్ళ దగ్గులూ ఉంటే వాడికి జలుబు చెయ్యక ఏం చేస్తుంది?

షాపులో సిరప్పు కొని పొయ్యొద్దు. తేనె నాకించొద్దు. ఉప్పునీటి చుక్కలు పెట్టెలో ఉన్నాయి. పాలు పట్టే ముందు వేసి, రబ్బరు బుడ్డితో ముక్కు లాగండి. ఊపిరికి డొక్కలు ఎగరేసినా, పాలు మానేసినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

కోపంగానే,
మీ మరదలు

ప్రియమైన మరదలికి,

పాలు అందాయి. నీ ఆజ్ఞలూ అందాయి. నేను నీ కింద పనిచేసే ఆయాను కాదు, ఓడ మీద ఉన్న నీ మొగుడికి అక్కని.

ముక్కు మూసుకుపోయి సీసా వదిలేసి ఏడుస్తున్నాడు. చుక్కలు వేసి, ముక్కు లాగి, కాసిని కాసినిగా పడుతున్నాను. భుజాన వేసుకుంటే నిద్రపోతాడు, దించితే లేస్తాడు. అందుకని ఒంటిచేత్తో గుండీలు కుడుతున్నాను. ఒక చెవిలో కస్టమర్ల తిట్లు, ఇంకో చెవిలో నీవి. జలుబు మందేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులని నాకూ తెలుసులే, సిరప్పు కొనను.

ఒళ్ళు మండుతూ,
వదిన

వదినకు,

పెట్టె తీసుకోవడానికి వాణ్ణి చంకనేసుకుని వానలో బస్సు దగ్గరికి వచ్చారట. కండక్టరు చెప్పాడు.

ఇక చాలు. వచ్చే సెలవుకి వస్తున్నాను. వాణ్ణి తీసుకొచ్చి ఇక్కడే క్రెష్‌లో వేస్తాను. వాడి బట్టలు సర్ది ఉంచండి. కన్నవాళ్ళకి తెలుస్తుంది వదినా, ఆ బాధ.

మీ మరదలు

ప్రియమైన మరదలికి,

'ప్రియమైన' అని అలవాటుకొద్దీ రాశాను.

వాడికి తగ్గుముఖం పట్టింది. పొద్దున సీసా మొత్తం తాగి, నా కొలతల టేపు నోట్లో పెట్టుకుని నవ్వాడు.

నేను కనలేదు. ఆ సంగతి నువ్వు గుర్తుచెయ్యక్కర్లేదు. ఇప్పుడు నా మాట విను. పోయినసారి వచ్చినప్పుడు గుమ్మంలో చెప్పులు విప్పుతూ మొహం అటు తిప్పుకుని తుమ్మావు. లోపలికొచ్చి వాణ్ణి ముద్దులతో ముంచేశావు. ఆ జలుబు నీ వార్డుది, నా మిషను గదిది కాదు.

ఆ ముక్క నీ మొదటి ఉత్తరానికే జవాబుగా రాసి ఉంటే నీ నోరు మూతపడేది. రాయలేదు. తెలిస్తే ముక్కు కాస్త తడిసినా రావడం మానేస్తావు, మీ వార్డులో జలుబు లేని రోజేది? అంతకుముందు సెలవులు దొరక్క చాన్నాళ్ళు రాలేదు నువ్వు. అన్నాళ్ళకి వచ్చినరోజు వాడు నిన్ను చూసి జడిసి నా మెడ కరుచుకున్నాడు. నువ్వు వెనక గదిలోకి పోయి ఏడ్చావు. అది మళ్ళీ చూడలేక నీ తిట్లన్నీ తిన్నాను.

బట్టలు సర్దలేదు. తీసుకెళ్ళాలనుకుంటే నువ్వే సర్దుకో, ఆపను. కానీ రావడం మాత్రం మానకు. జలుబుంటే మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని ఎత్తుకో. ముద్దులు పాదాలకి పెట్టు.

కోపం ఇంకా తగ్గని,
వదిన