రేడియో నాది కాదు

మస్కట్ దగ్గర రేవు నుంచి

మంగక్కకి, తమ్ముడు శ్రీను నమస్కారం పెట్టి రాస్తున్నది.

మీరందరూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అత్తయ్యగారి దగ్గు తగ్గిందా? చిన్నది ఏడవకుండా బడికి వెళ్తోందా? నేను బాగున్నాను. బావగారు బాగున్నారు, వేళకి తింటున్నారు, ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. దిగులు పెట్టుకోకు.

నీ ఉత్తరం అందింది. రేడియో నాదేనని ఒప్పుకోమన్నావు, బావగారికి క్షమాపణ చెప్పమన్నావు. నువ్వు పెళ్ళాం పిల్లలు లేనివాడివి, నిన్ను వెనక్కి పంపేసినా ఊళ్ళో ఏదో పని చేసుకుని బతుకుతావు, మీ బావ ఉద్యోగం పోతే మేమేం తినాలిరా అన్నావు. నీ బాధ నాకు తెలుసు. అయినా ఒప్పుకోను. బావగారు నీకు ఫోన్లో సగమే చెప్పేరు. మిగతా సగం నేను రాస్తున్నాను, స్థిమితంగా కూర్చుని చదువు.

మా పడవ యజమానిని ఇక్కడ అందరూ అర్బాబ్ అంటారు. పడవలోంచి ఒడ్డుతోనూ వేరే పడవలతోనూ మాట్లాడే పాత రేడియో పాడైపోతే ఆయన అమెరికా నుంచి వచ్చే వాళ్ళెవరిచేతో చవగ్గా ఒకటి తెప్పించేడు. సరుకు మంచిదే. కానీ ఇక్కడ పడవలో రేడియో పెట్టాలంటే ఆ రకం ఈ దేశంలో వాడొచ్చని ప్రభుత్వం ఒప్పుకోవాలి. పడవ పేరు మీద లైసెన్సు ఉండాలి. అమెరికా సెట్టులో కొన్ని ఛానళ్ళు ఇక్కడివాటితో కలవవు కూడా. పక్క పడవవాళ్ళు చెప్తే తెలిసింది. వెళ్ళి అర్బాబ్‌కి చెప్పేను, నవ్వేడు. బావగారికి చెప్పేను. ఆయన పడవ, ఆయన రేడియో, మధ్యలో నీకెందుకురా అన్నారు. పడవ నడిపే సరంగు బావగారే కాబట్టి నేను నోరు మూసుకున్నాను.

అప్పట్నించి గస్తీ పడవ కనపడితే చాలు, రేడియో ఊడదీసి బియ్యం డబ్బాలోకి తొయ్యడం నా పని. ఒకరోజు మాతో పనిచేసే బెంగాలీ అతని అన్నంలో స్క్రూ వచ్చింది. అతను దాన్ని కడిగి నా చేతిలో పెట్టేడు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం వేట నుంచి తిరిగొస్తుంటే ఇంజను ఆగిపోయింది. గాలి లేచింది. పడవలో నలుగురం, బావగారు, నేను, ఇద్దరు బెంగాలీవాళ్ళు. పడవ మెల్లగా పెద్ద ఓడలు తిరిగే దారిలోకి కొట్టుకుపోతోంది. ఆ ఓడలు ఎలా ఉంటాయంటే, అమలాపురం గడియారస్తంభం సెంటరు మొత్తం ఎత్తి నీళ్ళ మీద పెట్టినట్టు ఉంటాయి. వాటిలోవాళ్ళ కంటికి మేం ఆనం.

పొద్దున గస్తీ పడవ కనపడితే దాచిన రేడియో ఇంకా బియ్యం డబ్బాలోనే ఉంది. తీస్తానండీ అన్నాను. బావగారు వద్దన్నారు. పిలిస్తే గస్తీవాళ్ళే వస్తారు, వస్తే రేడియో చూస్తారు, చూస్తే అర్బాబ్ మనల్ని ఉంచడు అన్నారు. గెడకి తువ్వాలు కట్టి ఊపమన్నారు, మనవైపు ఓడలరేవు ఊళ్ళో మనవాళ్ళు ఊపినట్టు. ఊపేను. అక్కా, ఓడలరేవులో అయితే తెలిసినవాళ్ళు చూసి వస్తారు. ఇక్కడ చూసేవాడెవడు? చేతులు పడిపోయేదాకా ఊపేను, ఆఖరికి తువ్వాలు కాస్తా గాలికి పోయింది. నువ్విచ్చిన బండారులంక నేత తువ్వాలే. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకోటి పంపు.

అప్పుడొక ఓడ సరిగ్గా మా మీదకే వస్తోంది. నేను బియ్యం డబ్బా బోర్లించేసేను. బావగారు నా చెయ్యి పట్టుకున్నారు. నెట్టేసేను. ఆయన్ని నెట్టినందుకు రాయడానికే సిగ్గుగా ఉంది, మళ్ళీ అలాగే జరిగితే మళ్ళీ నెడతాను. వైర్లు బిగించి, ఏ దేశం సెట్టులోనైనా ఒకేలా ఉండే, ఆపదలో పిలిచే పదహారో ఛానల్ పెట్టి, పడవ పేరు, మేం ఎక్కడున్నామో నాకొచ్చిన ఇంగ్లీషులో అరిచేను. నాకొచ్చింది ఏపాటిదో నీకు తెలుసు. అదే సరిపోయింది. ముందు ఆ ఓడ పక్కకి జరిగింది. తర్వాత గస్తీ పడవ వచ్చి మమ్మల్ని తాడు కట్టి లాక్కొచ్చింది.

రేవులో ఆఫీసరు రేడియో ఎవరిదని అడిగేడు. బావగారు నన్ను చూపించేరు.

"ఈ కుర్రాడిది. వాళ్ళ ఊరి నుంచి తెచ్చుకున్నాడు."

ఈ మాట నీకు ఫోన్లో చెప్పి ఉండరు.

ఆఫీసరు నావైపు తిరిగి నీదేనా అన్నాడు. మన వైపు పెద్దవాళ్ళేమన్నా ఆయ్ అంటాం కదా, లోపల మండిపోతున్నా ఆయ్ అండీ అనే అంటాం. నా నాలిక చివరికి కూడా అదే వచ్చింది. మింగేసేను.

"నాది కాదు. ఈయనది కూడా కాదు. పడవ యజమానిది."

చూడు, నేను బావగారి మీదకి తొయ్యలేదు. తొయ్యొచ్చు, తొయ్యలేదు. ఆఫీసరు ఒకటే అన్నాడు, ప్రాణం మీదకొచ్చినప్పుడు ఎందులోంచి పిలిచినా తప్పు కాదు, లైసెన్సు లేకుండా పెట్టుకోవడమే తప్పని. రేడియో తీసుకుపోయేరు. పడవని కదలనివ్వలేదు.

మర్నాడు అర్బాబ్ ఒక కాగితం తెచ్చేడు, రేడియో నాదని రాసి. సంతకం పెట్టు, పడవ వదిలేస్తారు, నువ్వు ఇంటికి పోతావు, అంతే కదా అన్నాడు. బావగారు పక్కనే నిలబడి నేల చూస్తున్నారు. నేను పెట్టలేదు. దొంగ సరుకు తెచ్చినవాడినని నా పేరు మీద ఎందుకు పడాలి? అదొకటి. ఇంకోటుంది. నేను సంతకం పెట్టి పోతే అర్బాబ్ మళ్ళీ అలాంటిదే తెస్తాడు, మళ్ళీ దాచమంటాడు. అప్పుడు దాచేది నీ మొగుడు. నడిసముద్రంలో మళ్ళీ ఇంజను ఆగితే ఆయన ఏం చేస్తారో నేను కళ్ళారా చూసేను. తువ్వాలు ఊపుతారు. సంతకం పెట్టకపోవడం నీ కోసం కూడానే అక్కా, అది నీకెవరూ చెప్పరు.

అందుకని నన్ను పడవ దింపేసేరు. ఇప్పుడు రేవులో ఐసు మోస్తున్నాను, వలలు కడుగుతున్నాను. ఇక్కడి ఎండకి పొద్దున్నే రేకులు ముట్టుకోలేం. రొట్టెలతో సరిపెట్టుకుంటున్నాను. అన్నం బావగారి గదిలో వండుతారు, ఆయన పిలవరు, నేను వెళ్ళను. ఒక్కడినే ఉండడం కష్టంగానే ఉంది, లేదని అబద్ధం రాయను. అయినా బాగున్నాను, దిగులు పెట్టుకోకు.

కట్టేసిన పడవ చేపలు తేదు కదా, అర్బాబ్ ఎన్నాళ్ళని ఊరుకుంటాడు? ఇక్కడి కొట్లో, ఇక్కడ వాడొచ్చన్న రేడియో కొన్నాడు. లైసెన్సు తెచ్చి అద్దానికి అంటించేడు. నిన్న పడవ వేటకి వెళ్ళింది. నన్ను ఎక్కించుకోలేదు.

నేను పక్క పడవలోకి ఐసు ఎక్కిస్తుంటే వాళ్ళ రేడియోలో బావగారి గొంతు వినపడింది. పడవ పేరు చెప్పి, లైసెన్సులో పడవకి ఇచ్చిన గుర్తు అక్షరాలు ఒక్కొక్కటీ పలికి, వినపడుతోందా అని రేవుని అడుగుతున్నారు. భయం లేదు ఆ గొంతులో. ఒడ్డున వల లాగేటప్పుడు ఆయన కేకేస్తారే, అలా ఉంది. రేవువాళ్ళు బాగా వినపడుతోంది అన్నారు. నేను ఆ ఐసు గడ్డ మీదే కూర్చుండిపోయేను, బట్టలు తడిసినా లేవలేదు.

కాబట్టి క్షమాపణ చెప్పమని ఇంక రాయకు. చెప్పను. వీసా అయ్యేక నన్ను ఉంచరట, ఉంచకపోతే మానె. ఈ ఉత్తరం బావగారికి ఫోన్లో చదివి వినిపిస్తానంటే వినిపించు, ఒక్క ముక్క కూడా వదలకుండా.

అత్తయ్యగారికి నా దండాలు, వాళ్ళబ్బాయి క్షేమంగా ఉన్నారని మరీ మరీ చెప్పు. చిన్నదానికి ముద్దులు. నామీద కోపం ఎలాగూ వస్తుంది, ముందు దీవించి తర్వాత తిట్టు.

నీ తమ్ముడు
శ్రీను