నర్సన్న ఆరోగ్య కార్డు

నాందేడ్,
6 జనవరి 2003

ప్రియమైన సుందరకు,

మా యూనివర్సిటీలో సిబ్బందికి ఆరోగ్య వారోత్సవం పెట్టారు. పొద్దున యోగా, పదింటికి ఉపన్యాసం. పండ్లు తినండని గంటసేపు చెప్పిన పెద్దమనిషికే చివర్న పండ్ల బుట్ట ఇచ్చారు. మాకు చాయ్ కూడా లేదు. సభకు నూరు కుర్చీలూ మూడో అంతస్తుకు మోసింది మా దగ్గర రోజుకూలీ చేసే మీ అన్న నర్సన్నే.

డాక్టరు అందరినీ చూసి జాబితా ఇచ్చాడు. దాన్ని చూసి ఆరోగ్య కార్డులు రాసే పని నాది. "దేవన్నా, తుఝం అక్షర్ మోత్యాసారఖం" అన్నారు మా ఆఫీసు సాహెబ్. నా అక్షరాలు ముత్యాలట! పదహారేళ్ల గుమాస్తాగిరీలో ఆయన నన్ను పేరుతో పిలవడం ఇదే మొదటిసారి.

నీ
దేవన్న

కుండల్‌వాడి,
19 జనవరి

ప్రియమైన మీకు,

అంగన్‌వాడీ పనిలో పడి రాయలేదు. పోయిన ఆదివారం అన్న వచ్చాడు. బస్టాండు నుంచి మన ఇంటికి వచ్చేలోపు నాలుగుచోట్ల కూర్చున్నాడట. "తల్కాయ పలుగుతున్నట్టున్నది చెల్లె" అన్నాడు. దవఖానకు పోదామంటే వినలేదు. "గా డాక్టర్ సూసిండు గద. కార్డు రాసేది మన బావనే. అండ్ల ఏమన్న ఉంటె జెప్పడా?" అని నవ్వాడు.

అతనికి చదువు రాదు. నాకు అమ్మా నాన్నా అన్నీ అతడే. ఏమున్నా దాచకుండా రాయండి.

మీ
సుందర

నాందేడ్,
27 జనవరి

ప్రియమైన సుందరకు,

బెంగ పెట్టుకోకు. మీ అన్న కార్డు నేనే రాశాను. రక్తపోటు నూట ఇరవై, ఎనభై. కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో వేసుకు తిరుగుతున్నాడు.

ఇక్కడ మాత్రం అందరికీ గుండె దడే. "ఒక్క కార్డు గూడ ఖరాబు రావద్దు, రిపోర్టు ముంబైకి పోతది" అన్నారు సాహెబ్. రోగం తేలిన రోజుకూలీలను ఏప్రిల్ నుంచి పనిలోకి తీసుకోరట. మీ అన్నకు ఆ భయం లేదు. అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తేలితే మా ఆఫీసుకు షీల్డు కూడా వస్తుంది.

నీ
దేవన్న

కుండల్‌వాడి,
2 ఏప్రిల్

దేవన్నకు,

పెళ్లయ్యాక మీ పేరు రాయడం ఇదే మొదటిసారి. "ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రాలేదు.

పోయిన నెల అన్న మీ ఆఫీసు మెట్ల మీద పడిపోయాక మీరు ఆసుపత్రిలో నా పక్కనే కూర్చుని ఏడ్చారు. "గిట్లయితదని ఎవరనుకున్నరు" అన్నారు. మీరు షీల్డు సభకు వెళ్లిన రోజు డాక్టరు వచ్చాడు. జనవరిలో మీ అందరినీ చూసింది ఆయనే. "బీపీ రెండు నూర్ల పది ఉన్నదని జాబితాల ఎర్ర సిరాతోటి రాసిచ్చిన. మందెందుకు ఏసుకోలే?" అని నన్నే తిట్టాడు.

కూలి పోతుందని దాచారో, సాహెబ్ మెప్పు కోసం రాశారో నేను అడగను. కార్డులో ఏమైనా రాసుకోండి, నాకు నిజం చెప్పాల్సింది. అడిగాను కదా. మందు బిళ్ల నేనే కొని వేసేదాన్ని.

మొన్న అన్నను ఇంటికి తెచ్చాను. కుడి చెయ్యి, మాట పోయాయి. చూడవచ్చిన ప్రతివాళ్లకూ ఎడమ చేత్తో ఆ కార్డు తీసి, మీ అక్షరాల మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు. తనకు ఏ రోగమూ లేదని, లేచి పనికి పోతానని.

మీరే వచ్చి అసలు సంఖ్య ఎంతో అతనికి చెప్పండి. చెప్పలేకపోతే కుండల్‌వాడి బస్సు ఎక్కకండి.

సుందరాబాయి